కడుపులోకి గ్యాసు, ఛాతీలో ఊపిరి

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం పుట్టిందే ఊపిరితిత్తుల కోసం. 1912లో కొన్ని క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి అక్కడ క్షయ రోగులకు యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం నెలకొల్పాయి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, మంచి తిండి, విశ్రాంతి. క్షయకు ఆ రోజుల్లో దొరికే వైద్యం చాలావరకు అంతే. డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని తొలి సూపరింటెండెంట్. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు రాకముందు ప్రపంచమంతటా శానటోరియంలలో ఒక చికిత్స బాగా నడిచింది. జబ్బుపడిన ఊపిరితిత్తిని డాక్టర్లే కావాలని ముడుచుకునేలా చేసేవారు. ఛాతీగోడకూ ఊపిరితిత్తికీ మధ్య సూదితో గాలి ఎక్కిస్తే ఆ ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. కదలిక తగ్గితే లోపలి పుండు మానుతుందని ఆశ. 1930ల నుంచి దానికి ఇంకో దారి కూడా తొక్కారు. గాలిని ఛాతీలోకి కాకుండా కడుపులోకి ఎక్కించడం. కడుపు ఉబ్బితే డయాఫ్రం, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న కండరం, పైకి జరుగుతుంది. డయాఫ్రం పైకి జరిగితే ఊపిరితిత్తి అడుగుభాగం దానంతట అదే ముడుచుకుంటుంది. మందులు వచ్చాక ఈ పద్ధతి మూలపడింది.

ఈనాడు శాంతిపురం నుంచో పుంగనూరు నుంచో ఒక పెద్దాయన ప్రోస్టేట్ క్యాన్సర్‌తో బెంగళూరుకు వెళ్లి రోబో ఆపరేషన్ చేయించుకుంటే, ఆయన కడుపులో జరిగేదీ అదే. కడుపులోకి గ్యాసు ఎక్కిస్తారు, డయాఫ్రం పైకి జరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగు ముడుచుకుంటుంది. ఆనాటి డాక్టరుకు ఆ ముడుచుకోవడమే కావాలి. ఈనాటి మత్తు డాక్టరుకు అది అస్సలు పనికిరాదు. నాలుగైదు గంటలపాటు ఆ ఊపిరితిత్తులను తెరిచి ఉంచడానికి ఆయన యంత్రంతో, కొలతలతో కుస్తీ పడుతూనే ఉండాలి.

అమెరికాలో డావిన్చీ అనే ఆపరేషన్ రోబోకు అనుమతి వచ్చింది 2000లో. ఢిల్లీ ఎయిమ్స్ యూరాలజీ విభాగంలో 2006 నుంచి వాడుతున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లోకి 2023లో వచ్చింది. ఎస్‌ఎస్‌ఐ మంత్ర అనే మన దేశపు రోబో కూడా ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలో పనిచేస్తోంది. కుప్పం ప్రాంతం వాళ్లకు రోబో అంటే బెంగళూరు, లేదా వేలూరు, చెన్నై. కుప్పం స్టేషన్లో రైలెక్కితే బెంగళూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతే వేలూరు. ఆపరేషన్ అని తేలాక ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకటే. ఎన్ని చిల్లులు పెడతారు? ఎన్ని రోజులు ఉండాలి? ఎంత అవుతుంది? ఊపిరితిత్తుల గురించి అడిగేవాళ్లు దాదాపు ఉండరు. రోబో ఆపరేషన్ అంటే చిన్న ఆపరేషన్ అనే నమ్మకం జనంలో గట్టిగా పాతుకుపోయింది. చిన్నవి గాయాలు మాత్రమే. ఊపిరితిత్తుల మటుకు అది పెద్ద ఆపరేషనే, కొన్ని విషయాల్లో కోత ఆపరేషన్ కంటే పెద్దది.

ఆపరేషన్ బల్ల దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మనిషికి మత్తు ఇచ్చి, కండరాలు కదలకుండా మందు ఇచ్చి, నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. అక్కణ్నుంచి ఊపిరి వెంటిలేటర్‌ది. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను కడుపులోకి పంపుతారు. 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం వచ్చేవరకు నింపితే పొట్టగోడ పైకి లేచి, పేగులకూ గోడకూ మధ్య కెమెరా తిరగడానికి చోటు ఏర్పడుతుంది. కార్బన్ డయాక్సైడే ఎందుకంటే, అది మంటకు అంటుకోదు. లోపల కరెంటుతో రక్తనాళాలను కాల్చి మూస్తారు కాబట్టి అది ముఖ్యం. పైగా అది రక్తంలో తొందరగా కరిగిపోతుంది. పొరపాటున నాళంలోకి బుడగ దూరినా మామూలు గాలి అంత ప్రమాదం చెయ్యదు.

ఇక బల్లను వంచుతారు. ప్రోస్టేట్, గర్భసంచి, మూత్రాశయం లాంటివి పొత్తికడుపు అడుగున ఉంటాయి. పేగులు అడ్డు రాకుండా ఛాతీవైపు జారాలంటే తల కిందికి, కాళ్లు పైకి రావాలి. మామూలు లాప్రోస్కోపీలో కొద్దిగా వంచితే సరిపోతుంది. రోబో ప్రోస్టేట్ ఆపరేషన్లో 25 నుంచి 45 డిగ్రీల దాకా వంచుతారు. మనిషి జారిపోకుండా భుజాల దగ్గర, నడుము దగ్గర మెత్తలు పెట్టి కట్టాల్సినంత వాలు అది. ఆ మీదట రోబో చేతులు వచ్చి చిల్లుల్లోని గొట్టాలకు బిగుసుకుంటాయి. అవి బిగిశాక రోగి ఛాతీ మీద, ముఖం మీద యంత్రం గొడుగు పట్టినట్టు ఉంటుంది. మత్తు డాక్టరు ముఖం దాకా చెయ్యి చాపాలన్నా కష్టమే. కొత్త రోబోల్లో కొన్నింటికి బల్ల, చేతులు కలిసి కదిలే ఏర్పాటు ఉంది. అది లేనిచోట, చేతులు విడదీయనిదే బల్లను కదిలించకూడదు. రోగి ఒక్కసారి దగ్గినా లోపలి పరికరం అవయవానికి గుచ్చుకోవచ్చు. అందుకే కండరాలను చివరిదాకా పూర్తిగా సడలించి ఉంచుతారు.

ఈ భంగిమలో ఊపిరితిత్తులకు మూడు దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడతాయి. మొదటిది మత్తు వల్లనే. నిలబడ్డ మనిషి ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో దాదాపు రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే అందులో అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది. మత్తు ఇచ్చి కండరాలు సడలిస్తే మరో 400, 500 మిల్లీలీటర్లు పోతాయి. స్వీడన్‌లో హెడెన్‌స్టియర్నా బృందం 1980ల్లో మత్తులో ఉన్న రోగులకు సీటీ స్కాన్ తీసి చూస్తే, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఏవీ లేనివాళ్లలో కూడా వీపు వైపు భాగం చాలామందికి ముడుచుకుపోయి కనిపించింది. రెండో దెబ్బ కడుపులోని గ్యాసుది. మూడోది తల కిందికి వాలడంతో వచ్చే బరువుది. కాలేయం, పేగులు, వాటిమీది కొవ్వు అంతా డయాఫ్రం మీదికి చేరుతుంది. పొట్ట పెద్దగా ఉన్న మనిషిలో ఈ బరువు ఎంతో ఎక్కువ.

ఒక చిన్న ప్రమాదం ఇక్కడ పొంచి ఉంటుంది, చెప్పి తీరాలి. శ్వాసనాళం రెండు పాయలుగా చీలే చోటుకు కాస్త పైన గొట్టం కొస ఉండేలా వేస్తారు. కడుపులో గ్యాసు నిండి, తల వాలాక డయాఫ్రంతో పాటు ఊపిరితిత్తులు, ఆ చీలిక కూడా పైకి జరుగుతాయి. గొట్టం మాత్రం నోటి దగ్గర ప్లాస్టరుతో అంటించి ఉంటుంది, అది కదలదు. దాంతో గొట్టం కొస కుడి పాయలోకి దూరిపోతుంది. ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు. ఆక్సిజన్ అంకె మెల్లగా దిగుతుంది, వెంటిలేటర్ పీడనం పెరుగుతుంది. అందుకే అనుభవమున్న మత్తు డాక్టరు బల్ల వంచాక మరోసారి స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విని చూస్తారు. గొట్టం మీది సెంటీమీటరు గుర్తు పళ్ల దగ్గర ఎంత ఉందో ముందే రాసి పెట్టుకుంటారు.

కార్బన్ డయాక్సైడ్ సంగతికి వస్తే, అది కడుపు పొరలగుండా రక్తంలోకి ఇంకుతూనే ఉంటుంది. అది బయటికి పోవాల్సింది ఊపిరితిత్తుల నుంచే. శరీరం తయారుచేసే దానికి తోడు ఈ బయటి గ్యాసు కూడా కలుస్తుంది, అదీ ఊపిరితిత్తులు బిగుసుకుపోయిన సమయంలో. వెంటిలేటర్ తెరమీద ప్రతి ఊపిరికీ ఒక గుట్టలాంటి గీత వస్తుంది. ఊపిరి చివర్లో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో ఆ గీత చెబుతుంది. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాల్సిన అంకె అరగంటలోనే పాకడం మొదలుపెడుతుంది. నిమిషానికి 12 ఉన్న ఊపిర్లను 18, 20 దాకా పెంచి దాన్ని అదుపులో పెట్టాలి. గ్యాసు చర్మం కిందికి కూడా చేరవచ్చు. మెడ దగ్గర వేలితో నొక్కితే చిటపటమని తగులుతుంది. అలా తగిలితే ఆపరేషన్ అయిపోయాక కూడా గొట్టం తీయడానికి తొందరపడరు. చర్మం కింద దాగిన గ్యాసు ఇంకా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది మరి.

ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే మనిషి ప్రాణం పోగలదని, గాలి ఊది దాన్ని బయటికి తెస్తే బతకగలడని డాక్టర్లకు స్పష్టంగా తెలిసిన కథ కూడా డెన్మార్క్‌దే. ఫ్రిమోట్ మొల్లర్ సొంత దేశంలో, 1952లో, కోపెన్‌హాగెన్‌ను పోలియో చుట్టుముట్టింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు వరసగా చనిపోతున్నారు. రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా కనిపిస్తే అదేదో క్షారం పెరిగిన జబ్బనుకున్నారు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ అది క్షారం కాదని, బయటికి పోలేక పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అని గుర్తుపట్టారు. ఆగస్టు 27న ప్రాణాపాయంలో ఉన్న 12 ఏళ్ల అమ్మాయికి గొంతులో గాటు పెట్టి గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో పిసికి ఊపిరి పోశారు. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని సంచులు పిసికారు. ఆ చేతుల స్థానంలోకి యంత్రాలు వచ్చాయి. ఈనాటి ఐసీయూ అక్కణ్నుంచే మొదలైందని వైద్య చరిత్ర చెబుతుంది.

ఈ కథ నేను ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. కోవిడ్ తర్వాత మన ఊళ్లలో వెంటిలేటర్ అనే మాట వింటేనే గుండె జారుతోంది. ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునేటప్పుడు వెంటిలేటర్ మీద పెడతామని డాక్టరు అనగానే, ఇంక మనిషి దక్కడేమో అని ఇంటిల్లిపాదీ ఏడవడం చూస్తున్నాం. కోవిడ్‌లో వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లు అప్పటికే ఊపిరితిత్తులు బాగా పాడైనవాళ్లు. మత్తు ఇచ్చి కండరాలు సడలించిన ప్రతి ఆపరేషన్లోనూ వెంటిలేటర్ ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక ఎక్కువమందికి బల్లమీదే గొట్టం తీసేస్తారు. ఆపరేషన్ గదిలో ఆ యంత్రాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. ఎలా వాడుతున్నారన్నదే అసలు విషయం.

యంత్రం మనలాగా ఊపిరి తీయదు. మనం ఛాతీ పెంచి గాలిని లోపలికి లాక్కుంటాం. వెంటిలేటర్ బయటి నుంచి గాలిని లోపలికి తోస్తుంది. ఎక్కువ తోస్తే తెరిచి ఉన్న గాలి గదులు సాగి చిరుగుతాయి. తక్కువ తోస్తే అడుగున ముడుచుకున్నవి తెరుచుకోనే తెరుచుకోవు. తడిసిన పాలిథిన్ కవరు రెండు వైపులూ అతుక్కుంటే విడదీయడానికి ఎంత లాగాలో తెలుసు కదా, ముడుచుకున్న గాలి గదిని తెరవడానికీ మొదట అంత బలం కావాలి. ప్రతి ఊపిరికీ అతుక్కోవడం, విడిపోవడం, మళ్లీ అతుక్కోవడం జరుగుతుంటే గోడలు దెబ్బతిని వాపు వస్తుంది.

ఎంత గాలి తోయాలన్న లెక్కలో 2000 సంవత్సరం ఒక మలుపు. అమెరికాలో తీవ్రంగా ఊపిరితిత్తులు దెబ్బతిన్న 861 మంది మీద చేసిన పరిశోధనలో, ఒక్కో ఊపిరికి బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి ఇచ్చినవాళ్లలో దాదాపు 40 శాతం చనిపోతే, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్లలో 31 శాతం చనిపోయారు. అప్పటిదాకా ఎక్కువ గాలి ఇస్తే మేలని నమ్మినవాళ్లకు అది పెద్ద దెబ్బ. ఆ పాఠం తర్వాత ఆపరేషన్ గదిలోకి వచ్చింది. 2013లో వెలువడిన ఫ్రాన్స్ పరిశోధనలో కడుపు ఆపరేషన్లు చేయించుకున్న 400 మందిని రెండు జట్లు చేశారు. పాత పద్ధతి జట్టులో 27.5 శాతం మందికి వారంలోపు పెద్ద సమస్యలు వస్తే, తక్కువ గాలి, తగిన పీడనం ఇచ్చిన జట్టులో 10.5 శాతానికి దిగాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కిలో అంటే ఏ కిలో? ఊపిరితిత్తులు మనిషి లావును బట్టి పెరగవు, ఎత్తును బట్టి ఉంటాయి. 155 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువున్న ఒకావిడకు గర్భసంచి రోబోతో తీస్తున్నారనుకుందాం. ఎత్తు ప్రకారం లెక్క కడితే ఊపిరి కోసం తీసుకోవాల్సిన ఆమె బరువు 48 కిలోలే. కిలోకు 7 మిల్లీలీటర్ల చొప్పున ఒక ఊపిరికి 336 మిల్లీలీటర్లు. తూకంలో చూపిన 75 కిలోలకు పాత అలవాటు ప్రకారం 10 చొప్పున వేస్తే 750. రెట్టింపు కంటే ఎక్కువ. పొట్టిగా, లావుగా ఉన్న ఆడవాళ్లకే ఈ పొరపాటు ఎక్కువ జరిగే వీలుంది. ఎత్తు కొలవకుండా కంటి అంచనాతో రాసే చోట ఇది మరీ ఎక్కువ. ఆసుపత్రిలో చేరినప్పుడు బరువుతో పాటు ఎత్తు కూడా టేపు పెట్టి కొలవమని అడగడం చిన్న విషయమేమీ కాదు.

ఊపిరికి ఎంత గాలి అన్నది వెంటిలేటర్‌లో మొదటి మీట అయితే, రెండో మీట పీప్. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత పీడనం మిగిలేలా యంత్రం నిలబెడుతుంది. దాని వల్ల గాలి గదులు పూర్తిగా మూసుకోవు. మరి ఎంత నిలపాలి? కడుపులో గ్యాసు ఒత్తుతుంటే ఎక్కువ పీప్ మంచిదని ఎవరికైనా తోస్తుంది. 2014లో వెలువడిన, 900 మందిపై జరిగిన పరిశోధనలో 12 సెంటీమీటర్ల నీటి పీడనం పెట్టినా, 2 లోపు పెట్టినా ఊపిరితిత్తుల సమస్యల్లో తేడా లేదు. ఎక్కువ పెట్టినవాళ్లలో రక్తపోటు మాత్రం ఎక్కువగా పడిపోయింది. 2019లో వెలువడిన, లావుగా ఉన్న దాదాపు 2000 మందిపై చేసిన పరిశోధనలోనూ ఎక్కువ పీప్ గెలవలేదు. వీటిలో మొదటిది కోత ఆపరేషన్ల మీద జరిగిందని గుర్తుపెట్టుకోవాలి. తల కిందికి వాల్చిన రోబో ఆపరేషన్‌కు ఆ అంకెను యథాతథంగా దించలేం. అందుకే ఇప్పుడు చాలామంది మత్తు డాక్టర్లు అందరికీ ఒకే అంకె పెట్టకుండా, ఈ మనిషి ఊపిరితిత్తి ఏ పీప్ దగ్గర మెత్తగా ఉందో చూసి పెడుతున్నారు. గాలి తోసినప్పటి పీడనంలోంచి పీప్‌ను తీసేస్తే మిగిలేదాన్ని డ్రైవింగ్ ప్రెషర్ అంటారు. అది ఎంత తక్కువగా ఉంటే ఊపిరితిత్తి అంత సుఖంగా ఉందని లెక్క. నా వరకు ఇదే సరైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే గ్యాసు నిండిన కడుపు ప్రతి మనిషిలో ప్రతి అరగంటకూ ఊపిరితిత్తిని వేరుగా ఒత్తుతుంది.

రోబో ఆపరేషన్ల కోసమే ప్రత్యేకంగా జరిగిన అధ్యయనం ఒకటుంది, పేరు అవతార్. 9 దేశాల్లోని 34 ఆసుపత్రుల్లో 900 మందికి పైగా రోగులను చూసి, ఎవరికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయో లెక్కతీశారు. తేలిన ముఖ్యవిషయం సమయం. ఆపరేషన్ ఎంతసేపు సాగితే, కడుపులో గ్యాసు ఎంతసేపు ఉంటే, ముప్పు అంత పెరిగింది. ముందునుంచే ముప్పు ఉన్నవాళ్లకు మరింత. సర్జన్ చేయి తిరిగినవాడైతే అది రోగి ఊపిరితిత్తులకూ మేలే అన్నమాట. రోబో ఎంత ఖరీదైనదో అడగడం కంటే, దానిమీద ఆ డాక్టరు ఎన్ని ఆపరేషన్లు చేశారో, మామూలుగా ఎన్ని గంటలు పడుతుందో అడగడం తెలివైన ప్రశ్న.

ఇంతా చెప్పి రోబోను తిట్టడం న్యాయం కాదు. పైకడుపు కోసిన ఆపరేషన్లో ఆ తర్వాత దగ్గాలంటే కుట్లు గుచ్చుకుంటాయి, లోతుగా ఊపిరి తీయాలంటే భయం. అలా పైపైన ఊపిరి తీస్తూ కళ్లె లోపలే ఉండిపోయి న్యుమోనియా వచ్చేవాళ్లు చాలామంది. చిన్న చిల్లులతో నొప్పి తక్కువ, మర్నాడే లేచి నడవగలరు. ఆపరేషన్ గదిలో నాలుగు గంటలు పడిన కష్టానికి ఆ తర్వాతి నాలుగు రోజుల్లో కొంత ప్రతిఫలం దొరుకుతుంది. ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయన్నది లెక్కలోకి రావాలి, అంతే.

ముందుగానే ముప్పు ఎవరికి ఉందో చెప్పే లెక్క ఒకటి స్పెయిన్‌లో తయారైంది, అరిస్కాట్ అంటారు. వయసు, ఆక్సిజన్ శాతం, గత నెలలో జలుబు, దగ్గు, జ్వరం లాంటి శ్వాస సంబంధమైన జబ్బు, రక్తహీనత, గాటు ఎక్కడ, ఎంతసేపు, అత్యవసరమా కాదా అన్నవి చూస్తారు. ఇందులో రక్తహీనత చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. హిమోగ్లోబిన్ 10 లేదా అంతకు తక్కువ ఉంటే పాయింట్లు పడతాయి. గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చే ఆడవాళ్లలో రక్తస్రావంతో హిమోగ్లోబిన్ 8, 9 ఉన్నవాళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆపరేషన్ అత్యవసరం కాకపోతే నాలుగైదు వారాలు ఐరన్ తీసుకుని రక్తం పెంచుకుని వెళ్లడం ఊపిరితిత్తులకు కూడా మేలే.

ఆ లెక్కలో లేనివి, మన నేలకు సంబంధించినవి మరికొన్ని ఉన్నాయి. కుప్పం, శాంతిపురం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో రాతి ధూళి పేరుకుని ఉండవచ్చు. కట్టెల పొయ్యి ముందు ముప్పై, నలభై ఏళ్లు వంట చేసిన అవ్వకు బీడీ ముట్టకపోయినా ఊపిరితిత్తులు బీడీ తాగినవాడిలాగే ఉండవచ్చు. ఎప్పుడో టీబీ వచ్చి మందులు వాడి నయమైనవాళ్లలో మచ్చలు, సాగిన గొట్టాలు మిగిలి ఉంటాయి. ఇవన్నీ మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి. కానీ ఆపరేషన్‌కు ముందు పరీక్షించే గదిలో మాట ఇలా సాగుతుంది.

"నాయనా, బీడీ తాగతారా?"

"లేదు సార్, మానేసినాను."

"ఎప్పుడు మానేసినారు?"

"ఈ ఆపరేషన్ అని చెప్పినారు కదా, ఆ పొద్దే."

ఆ రోజు మానేసినా మంచిదే. రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో తగ్గి, ఆక్సిజన్ మోసే శక్తి పెరుగుతుంది. కానీ ఊపిరి గొట్టాల్లోని కళ్లె తగ్గి, వాటిని శుభ్రం చేసే సన్నని వెంట్రుకల్లాంటివి మళ్లీ పనిచేయాలంటే నాలుగు నుంచి ఎనిమిది వారాలు కావాలి. క్యాన్సర్ అని తెలిశాక ఆపరేషన్ తేదీకి సాధారణంగా కొన్ని వారాలు దొరుకుతాయి. ఆ వారాలు వృథా కాకూడదు.

అన్నింటికంటే చవకైన వైద్యం గురించి ఒక పరిశోధన నన్ను బాగా కదిలించింది. 2018లో వెలువడిన ఆ పరిశోధనలో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పైకడుపు కోత ఆపరేషన్‌కు వచ్చిన 441 మందిలో సగం మందికి ముందుగా ఒక ఫిజియోథెరపిస్ట్ అరగంట కూర్చుని, ఆపరేషన్ తర్వాత ఊపిరి ఎందుకు లోతుగా తీయాలో, ఎలా దగ్గాలో చెప్పి చేయించారు. మిగతావాళ్లకు కరపత్రం మాత్రమే ఇచ్చారు. కరపత్రం వాళ్లలో 27 శాతానికి ఊపిరితిత్తుల సమస్యలు వస్తే, అరగంట చెప్పినవాళ్లలో 12 శాతానికే వచ్చాయి. కోట్ల రూపాయల యంత్రం ఉన్న ఆసుపత్రిలో ఈ అరగంట దొరకకపోతే అది క్షమించరాని లోటు అంటాను. మన దగ్గర మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చి పొమ్మనడం మామూలు. చాలామంది దాన్ని బుడగ ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి బంతి పైకి లేచాక రెండు, మూడు సెకన్లు అలాగే నిలపాలి, తర్వాత వదలాలి. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే ఆ ప్లాస్టిక్ డబ్బా మంచం పక్కన అలంకారమే.

ఆపరేషన్ ముగింపు కూడా జాగ్రత్తగా జరగాలి. గ్యాసు పూర్తిగా తీసి, బల్లను సమానంగా పెట్టి, ముడుచుకున్న గాలి గదులను తెరవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పీడనంతో ఊపిరి నింపుతారు. కండరాలు సడలించే మందు పూర్తిగా విరిగిందో లేదో మణికట్టు దగ్గర చిన్న కరెంటు మీటరుతో చూస్తారు. మనిషి కళ్లు తెరిచి చూసినా, గొంతు కండరాలు ఇంకా బలహీనంగా ఉంటే ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గంటల తరబడి తల కిందికి ఉండటంతో ముఖం, నాలుక, గొంతు వాస్తాయి. గొట్టం తీయడానికి ఇంకో గంట ఆగుతామని డాక్టరు అంటే అది భయపడాల్సిన కబురు కాదు, మంచి నిర్ణయం. బయట కూర్చున్న కొడుకులు, కోడళ్లు దీన్ని ముందే తెలుసుకుని ఉంటే సగం కంగారు తగ్గుతుంది.

ఇంటికి వచ్చాక మొదటి వారం ముఖ్యం. పగలంతా పడుకోబెట్టి ఉంచడం ప్రేమ అనుకుంటారు మన ఇళ్లలో. ఊపిరితిత్తులకు అది కీడు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, వాకిట్లో నడిపించాలి, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పది లోతైన ఊపిరులు తీయించాలి. నొప్పి మాత్ర వేళకు వేస్తేనే దగ్గడానికి ధైర్యం వస్తుంది. జ్వరం, పచ్చటి కళ్లె, మాట్లాడుతుంటే ఆయాసం, ఊపిరి తీస్తే పక్కటెముకల్లో పోటు, ఒక్క కాలి పిక్క మాత్రమే వాయడం, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే దిగడం — వీటిలో ఏది కనిపించినా చల్లగాలి పట్టిందిలే అని మిరియాల కషాయంతో సరిపెట్టకూడదు. బెంగళూరు అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ముందు కుప్పం పీఈఎస్ మెడికల్ కాలేజీకో, దగ్గర్లోని మరో పెద్దాసుపత్రికో వెళ్లాలి. డిశ్చార్జి కాగితంతో పాటు మత్తు రికార్డు నకలు కూడా పట్టుకెళితే మేలు. ఆపరేషన్ ఎన్ని గంటలు సాగింది, తల ఎంతసేపు కిందికి ఉంది, గొట్టం ఎప్పుడు తీశారు, ఆక్సిజన్ ఎక్కడైనా పడిందా అన్నవి అందులో ఉంటాయి. ఎక్స్‌రే చూసే డాక్టరు ముందుగా తెలుసుకోవాలనుకునేవి అవే.